పచ్చ ఈక

ఒక పెద్ద అడవిలో ఆకలికి కూడా మర్యాద ఉండేది. దుంప తవ్వుకున్నవాళ్లు దాని తలకాయ కోసి, మళ్లీ గుంటలో పెట్టి మన్ను కప్పేవాళ్లు. వానలకు అదే తీగ సాగేది.

తర్వాత అడవిపంది ధరణీధరరావు కంపెనీ పెట్టాడు. కొండవాలులన్నీ తవ్వించి దుంపల్ని పరాయి అడవులకు పంపాడు. తలకాయలూ పంపాడు. అవీ తూకానికి వస్తాయి కదా.

పరాయి అడవులవాళ్లు కడుపునిండా తిన్నారు. తిన్నాక వాళ్లకు మనస్సాక్షి పుట్టింది. తలకాయలు తిరిగి నాటుతున్నారో లేదో చూసి రమ్మని ఒక కొంగను పంపారు.

కంపెనీలో బాధ్యత చూసే ఉద్యోగం నక్కది. అడవంతా గాలిస్తే దానికి ఒకే ఒక్క తలకాయ కనబడింది, ముళ్లపంది సింగమ్మ బొరియలో. వానలకు నాటి పిల్లల్ని బతికించుకుందామని ఆమె దాచుకుంది.

"ఫోటో కోసమే సింగమ్మా. సాయంత్రానికి తెచ్చిచ్చేస్తాం," అంది నక్క.

"మా వాలు కూడా ఇలాగే అడిగి తీసుకున్నారు."

"అది అభివృద్ధి. ఇది బాధ్యత. రెండూ ఒకటెలా అవుతాయి?"

నక్క వెంట వచ్చిన పందులు తలకాయను చాలా బాధ్యతగా లాక్కుపోయాయి.

మొదటి వాలులో ధరణీధరరావు దాన్ని నాటాడు. 'భూమి మనది కాదు, మన పిల్లలది' అని బోర్డు పాతారు. కొంగ రెక్కలు కొట్టింది. అది రెండో వాలుకు నడిచేలోగా పందులు తలకాయను పెకలించి అడ్డదారిన అక్కడికి చేర్చాయి. మళ్లీ నాటడం, మళ్లీ బోర్డు. పొద్దుగూకేలోగా ఒక్క తలకాయ అడవినంతా పచ్చగా చేసింది.

ఆఖరి వాలు దగ్గర ధరణీధరరావుకు ఆకలేసింది. చేతిలో ఉన్న తలకాయను, దాన్ని తిరిగి తీసుకుందామని వెంట వచ్చిన సింగమ్మ చూస్తుండగానే, అలవాటు కొద్దీ నోట్లో వేసుకుని నమిలేశాడు.

"అదేమిటి?" అంది కొంగ.

"నాణ్యత పరీక్షండీ. మా అధ్యక్షులవారు స్వయంగా చేస్తారు," అంది నక్క.

కొంగ మెచ్చుకుని, అన్నీ తిరిగి నాటుతున్నారనే గుర్తుగా కంపెనీకి పచ్చ ఈక తగిలించి ఎగిరిపోయింది.

ఈక చూసి గిరాకీ పెరిగింది. ధరణీధరరావు తన నివేదికను తానే చదివి, తానే నమ్మాడు. వాలులన్నీ నాటేశామని అందులో ఉంది మరి. వానలు వెలిశాక మందను తోలుకెళ్లి తవ్వించాడు. బోర్డుల మొదళ్లే దొరికాయి. వాటినీ అప్పటికే చెదలు తొలిచేశాయి.

డొక్కలు ఎండి అతను సింగమ్మ బొరియకు వెళ్లాడు. ఆమె మిగిలిన ఒక్క పిల్లతో కొండ దాటబోతోంది.

"తినడానికేమైనా ఉందా సింగమ్మా?"

"చివరిసారి చూసినప్పుడు మీ నోట్లోనే ఉంది, బాబుగారూ."

నీతి: దుంప నాటితే వాన రావాలి, బోర్డు నాటితే కొంగ వస్తే చాలు.