సూర్ నగర కుచ్చు సంగ్రామము

అపారజలరాశియైన సముద్రము నురుగుల తలపాగా సవరించుకొనుచు ఒమాన్ తీరమునకు సలాములు సేయుచుండగా, సూర్యుడు ఉదయించిన కొంతసేపటికే కాగిన పెనము వలె చిటపటలాడుచుండగా, చేపలు కొనివచ్చు వారి కేకలతో సూర్ పట్టణపు వీధులు మారుమ్రోగుచుండగా, ఆ పట్టణమున ఒకానొక ఇరుకు సందునందు సూచీశస్త్రవిశారదుడు, కర్తరీపాణి, కొలతపట్టీకంఠాభరణుడు, కడప సీమ ఎర్రగుంట్ల నుండి వచ్చి అరబ్బుల భుజములను కొలిచిన ధీరుడు, దర్జీ ఖమరుద్దీన్ తన దుకాణపు షట్టరును ఘడఘడారావముతో పైకెత్తెను.

అది సామాన్యదినము కాదు. సాలిం అను యువకునికి ఆనాటి సాయంత్రము వివాహము. ఎదుటి వరుసలో అద్దాల గోడలతో, చల్లని గాలి యంత్రములతో కొత్తగా వెలసిన దర్జీ దుకాణమునకు వీధి వీధియంతయు వలస పోవుచున్న దుర్దినములలో, తండ్రి మాట మన్నించి ఖమరుద్దీనును వెదకుకొని వచ్చిన ఏకైక వరుడతడు. అతని పెండ్లి అంగీ, మడమల దాకా జారు తెల్లని దిష్‌దాషా, సిద్ధమయ్యెను. మెడ వద్ద వ్రేలాడు జానెడు కుచ్చును, అత్తరులో ముంచి ఒమానీ పురుషుడు సగర్వముగా ధరించు ఆ పట్టుదారపు కుచ్చును, ఖమరుద్దీన్ భార్య బిల్కీస్ స్వహస్తములతో అల్లెను. ఈ వస్త్రము మెప్పు పొందినచో దుకాణము నిలుచును. లేనిచో ఎర్రగుంట్లకు టికెట్టే శరణ్యము.

ఖమరుద్దీన్ ఆ వస్త్రమును హ్యాంగరుకు తొడిగి సరిగ్గా వాకిట తగిలించెను.

"అజీ, బయట ఎందుకు తగిలిస్తాండారు? దుమ్ము పడ్తాది," అని బిల్కీస్ వారించెను.

"ఎదురంగడోళ్ళు సూడాల బిల్కీస్! కడప చెయ్యంటే ఏందో వాళ్ళకు తెలియాల!" అని పలికి, విజయకేతనమును ప్రతిష్ఠించిన సేనాని వలె మీసము సవరించుకొని, ఇస్త్రీపెట్టె వేడిచేయుటకు లోనికేగెను. ఆహా, గర్వము ఎంతటివానినైనను ఇస్త్రీపెట్టె దాకా తీసికొనిపోయి వెనుకకు చూడనీయదు గదా!

అంతట సందు మలుపున అవతరించెను, వక్రశృంగద్వయభీకర, కూర్చకేశశోభిత, గోధుమవర్ణ మహామేక! అది ఉమ్మ్ రాషిద్ అను వృద్ధురాలి ముద్దుబిడ్డ. ఆ వృద్ధురాలే ఖమరుద్దీన్ దుకాణమున్న భవనమునకు యజమానురాలు. కావున ఆ మేకపై కర్ర ఎత్తువాడు ఆ వీధిలో ఇంకను పుట్టలేదు. అది వాకిట నిలిచి, దిష్‌దాషాను ఆపాదమస్తకము పరికించి, అత్తరు పరిమళమునకు ముగ్ధమై, కుచ్చును పుటుక్కున కొరికి తెంపెను.

"యా అల్లా! కుచ్చు!" అను బిల్కీస్ ఆర్తనాదమునకు ఖమరుద్దీన్ వెలికి లంఘించెను. మేక అంతకంటె దూరము లంఘించి, గోడవార నిలిపిన పికప్ బండి ముందుభాగమునెక్కి, పట్టుదారములు పెదవి నుండి వ్రేలాడుచుండ నిశ్చలముగా నిలిచెను. యౌవనమున ఊరి పద్యనాటకములలో దుర్యోధన వేషము కట్టిన ఖమరుద్దీనుకు ఆ క్షణమున పాతరక్తము పొంగెను. తొడ చరచి ఇట్లు గర్జించెను:

"ఓరీ అజాధమా! కుడుములు గావు, కూరాకు గాదు, నీవు నోట గరచినది నా బ్రతుకు! మర్యాదగా విడువుము. కాదేని నీ గడ్డమును కొలిచి, కత్తిరించి, కాలరు కుట్టెదను!"

మేక ఒక్కమారు నమిలెను.

"దానితో నాటకమాడ్తాండారా? మింగేస్తాది!" అని బిల్కీస్ తల పట్టుకొనెను.

అతడు కొలతపట్టీని పాశముగా విసరెను. అది బండి అద్దము తుడుచు పుల్లకు చిక్కుకొనెను. అస్తరుగుడ్డను వలగా విసరెను. అది తన తలపైననే పడెను. గుడ్డలోనుండగానే జేబులో ఫోను మ్రోగెను. సాలిం!

"ఖమర్ భాయ్, తయార్?"

"తయార్ అర్బాబ్! ఇస్త్రీ... ఇస్త్రీ బాకీ," అని గుడ్డలోనుండియే ఆ వీరుడు దొరగారికి విన్నవించెను. దుకాణపు బోర్డు దిగిపోవుట, అందుపై తన పేరు ధూళిలో పడియుండుట, అతని కన్నులకు కట్టినట్లు కనబడెను.

బిల్కీస్ లోనికేగి, అతని ఉదయపు ఆహారమగు ఉగ్గాని పళ్ళెముతో వచ్చి, మెల్లగా, "గుడ్డూ... దా గుడ్డూ," అని పిలిచెను. ఆ మహామేక గొఱ్ఱెపిల్ల వలె బండి దిగి, తోక ఊపుచు ఆమె కాళ్ళ చెంతకు చేరెను.

ఖమరుద్దీన్ తలపై గుడ్డను లాగివేసెను. "దీనికి పేరు గూడా పెట్నావా?"

"రోజూ వెనక వాకిటికి వస్తాది. మిగిలింది పెడ్తాంటి. పారేస్తే పాపం గాదా?"

"మల్ల అడిగితే దినామూ 'ఉగ్గాని అయిపాయ' అంటివే!"

ఆమె చున్నీ అంచు చూచుకొనెను. అతడు వాకిట కుచ్చు లేక వ్రేలాడు దిష్‌దాషాను చూచెను. వాకిట తగిలించిన వాడొకడు, మేకకు ఉగ్గాని మప్పిన వారొకరు. ఇంక ఎవరినెవరు నిందింపగలరు? ఇరువురును ఒకేమారు నవ్విరి.

మేక నోరు తెరచెను. కుచ్చు పళ్ళెములో పడెను. హతవిధీ! తెల్లని పట్టు పసుపు పూసిన బొరుగులలో మునిగి పచ్చనయ్యెను. బిల్కీస్ సబ్బుతో తోమెను, పన్నీటిలో ముంచెను, ఆవిరి పట్టెను, మరల మెడకు కుట్టెను. చీకిన తడి పోయెను, మేక వాసన పోయెను. పసుపు మాత్రము లేతబంగారమై నిలిచిపోయెను.

సాలిం వచ్చెను. కుచ్చును వెలుతురున త్రిప్పి త్రిప్పి చూచెను.

"యా సలాం! యే కలర్ ఉధర్ దుకాన్ మే నహీ హై, ఖమర్ భాయ్!" అని, ఎదుటి అద్దాల దుకాణమున సైతము ఈ రంగు లేదని మురిసెను.

"ఇండియా స్పెషల్, అర్బాబ్," అని ఖమరుద్దీన్ గంభీరముగా పలుకగా, బిల్కీస్‌కు దగ్గు తెర క్రమ్మెను. పెండ్లికుమారుడు తన తమ్ములకు సైతము అట్టి కుచ్చులే కావలెనని ఆనతిచ్చి వెడలెను.

ఇట్లు సముద్రతీరమున, ఒక్క ఉగ్గాని పళ్ళెము వ్యయముతో, రక్తబిందువైనను రాలకుండ, జానెడు కుచ్చు మేకనోటి నుండి వరుని మెడకు చేరెను. దిక్కులారా, వినుడు! ఖమరుద్దీనునకు జయము, బిల్కీసునకు మహాజయము! ఈ గాథ విన్న దర్జీలకు దారము తెగకుండును. చదివిన వారి చొక్కాలకు గుండీలు ఊడకుండును.