హార్లన్ బెక్ దగ్గలేదు

ఆ మంగళవారం ఉదయం హార్లన్ బెక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిది కొట్టేలోపు మూడు అట్టపెట్టెల కారమెల్ రొట్టెలు సభలోకి చేర్చడం, బల్ల బల్లకూ తిరిగి పంచడం, పంచుతూ ప్రతి చెవిలోనూ ఒకే మాట ఊదడం.

"ఇవాళే మార్లిస్ మొదటి బిల్లు. అందరూ ఎరుపు. నేను దగ్గితే పచ్చ."

ఆ శాసనసభలో అది తాతలనాటి సరదా. కొత్తగా గెలిచి వచ్చినవాళ్ల మొదటి బిల్లు ఓటుకు రాగానే సభ్యులంతా ముందు ఎర్ర మీట నొక్కుతారు. గోడమీది పలక నిండా ఎర్రదీపాలు వెలుగుతాయి. పాపం కొత్తమనిషి మొహంలో నెత్తురుచుక్క ఉండదు, ఉన్న ఎరుపంతా పలక మీదకే పోతుంది. అప్పుడు ఒక పెద్దమనిషి దగ్గుతాడు. దగ్గిన మరుక్షణం అందరూ మీట మారుస్తారు, పలక పచ్చబడుతుంది, చప్పట్లు మోగుతాయి. ఏమైనా ఆ దగ్గు వినబడేదాకా ఎవరూ వేలు కదపకూడదు. పన్నెండేళ్లుగా ఆ దగ్గు హార్లన్‌ది. ముప్ఫై ఏళ్లు గోధుమ గిడ్డంగి నడిపిన గొంతు కాబట్టి అందులో దుమ్మూ ఉండేది, దమ్మూ ఉండేది. సభంతా ఆయన్ని దగ్గుదొర అని పిలిచేది.

మార్లిస్ ఓడెగార్డ్‌కు యాభై నాలుగేళ్లు. పొద్దుతిరుగుడు పండించే మనిషి. భర్త కర్టిస్ పోయిన ఏడాదికే ఎన్నికల్లో నిలబడి గెలిచింది. ఆమె పెట్టిన బిల్లులు రెండు. మొదటిది ఊరి బయటి వంతెనకు ఒక పాత పోస్టుమాస్టరు పేరు పెట్టాలని. హార్లన్ రొట్టెలు కొన్నది ఆ వంతెన కోసమే.

రొట్టెలు అయిపోయాయి, వంతెనా అయిపోయింది. స్పీకర్ లైల్ గ్రాబర్ కళ్లద్దాలు సవరించుకుని రోడ్ల శాఖ ఉత్తరం ఒకటి చదివాడు. ఆ వంతెనను వచ్చే వేసవిలో కూల్చేస్తారట.

"లేకుండా పోయేదానికి పేరెందుకు? ఆ బిల్లును కమిటీకి తిప్పి పంపుతున్నాం. తర్వాతిది, పద్నాలుగు వందల పన్నెండు. అదీ ఓడెగార్డ్ గారిదే."

హార్లన్ పక్క కుర్చీలో కూర్చునే రోజర్ ఉల్మన్ వేళ్లకంటిన కారమెల్ నాకుతూ వంగాడు. "దొరా, ఇది వంతెన కాదు. ఇది పిచ్చాసుపత్రీ తుపాకుల బిల్లు. సరదా ఉందా, ఎత్తేద్దామా?"

ఎత్తేస్తే తొంభై చెవుల దగ్గరికి మళ్లీ తిరగాలి. ఊదిన మాటను వెనక్కి పీల్చుకోవడం కష్టం.

"ఉండనీరా. దగ్గడానికి నేనున్నానుగా," అన్నాడు హార్లన్.

బిల్లు సంగతి ఇది. జడ్జి ఉత్తర్వు మీద ఎవరినైనా మానసిక చికిత్సకు ఆసుపత్రిలో చేర్పిస్తే, కోటు లోపల తుపాకీ దాచుకుని తిరగడానికి వాళ్లకున్న అనుమతి ఏడాదిపాటు ఆగుతుంది. ఏడాది తర్వాత జడ్జి మనిషిని చూసి తిరిగి ఇవ్వవచ్చు. దీనిమీద వాదన రెండు గంటలు నడిచింది. పశ్చిమాన పశువులు పెంచే ఒకాయన లేచాడు. "జబ్బుపడ్డవాణ్ణి దొంగలా చూస్తే, రేపు జబ్బుపడేవాడు డాక్టరు గడప తొక్కుతాడా? హక్కంటే జేబురుమాలు కాదు, ఉతకడానికి వేసి మళ్లీ తెచ్చుకోవడానికి." ఆయన కూర్చోకముందే ఒక రిటైర్డ్ నర్సు జవాబిచ్చింది. "గుండెపోటు వచ్చినవాణ్ణి ఆర్నెల్లు ట్రాక్టరు ఎక్కనివ్వం. వాణ్ణి దొంగన్నామా?" రెండు మాటలకూ చప్పట్లు పడ్డాయి, కొందరైతే రెండింటికీ కొట్టారు.

చివర మార్లిస్ లేచింది. కాగితం మడిచి బల్లమీద పెట్టేసింది.

"మా ఆయన పందొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఇంటికి పంపేటప్పుడు ఒక సంచీ ఇచ్చారు. బెల్టు, బూట్ల తాళ్లు, పర్సు. చేరేటప్పుడు బెల్టూ తాళ్లూ తీసి దాచారు, తిరిగిచ్చామని నా చేత సంతకం పెట్టించుకున్నారు. పర్సులో తుపాకీ అనుమతి కార్డు ఉంది. దాని సంగతి ఎవరూ అడగలేదు. డాక్టరు అడగలేదు, జడ్జి అడగలేదు. నేనూ అడగలేదు. ఇంటికొచ్చిన ఆరో రోజున..." ఆమె నీళ్లగ్లాసు అందుకుంది, తాగలేదు. "ఎవరో ఒకరు అడగాలని నా బాధ. అంతకంటే ఏమీ లేదు."

హార్లన్ ఆ మాటలు వింటూ బల్లమీది బిల్లు తిరగేశాడు. ఏ బిల్లునైనా ఓటుకు ముందు చదవడం ఆయన అలవాటు కాదు. నాలుగో భాగం దగ్గర కన్ను ఆగింది. గడచిన పాతికేళ్లలో అలా చేర్పించిన ఉత్తర్వుల్లో అనుమతి కార్డు ఉన్నవాళ్ల పేర్లు ఏరి, ఆయా జిల్లాల షెరిఫులకు పంపాలట.

ఇరవై రెండేళ్ల కిందటి ఉత్తర్వు ఒకటి హార్లన్ పేరున ఉంది, అనుమతి కార్డూ ఉంది.

కూతురు లోయిస్ గడ్డకట్టిన రోడ్డు మీద కారు జారి చనిపోయిన చలికాలం అది. హార్లన్ గిడ్డంగి మెట్లమీద కూర్చుని మూడు రోజులు లేవలేదు, తినలేదు. జడ్జి సంతకం పెడితే పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆరిజోనాలో తమ్ముడి దగ్గరికి ఎండకోసం వెళ్లాడని భార్య బెర్నిస్ ఊరంతా చెప్పింది. ఎండకు వెళ్లిన మనిషి వెళ్లేటప్పటికన్నా తెల్లగా తిరిగొచ్చాడు. అందుకని బెర్నిస్ రెండు బస్తాల నారింజలు సంపాదించి, ఆరిజోనా తోటలవని ఇంటింటికీ పంచింది. వాటిని తీసుకుని థాంక్స్ చెప్పినవాళ్లలో వేడ్ ఒకడు. ఇప్పుడు వేడ్ ఆ జిల్లా షెరిఫు. ప్రతి శనివారం హార్లన్ ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతాడు.

"ఓటు వేయండి," అన్నాడు స్పీకర్.

పలకంతా ఎర్రబడింది. మార్లిస్ పేరు పక్కన మాత్రం ఒక్క పచ్చదీపం. సభ హార్లన్ వైపు చూసింది. గొంతులో దగ్గు సిద్ధంగానే ఉంది. దాన్ని ఆయన మింగేశాడు. దగ్గాల్సినవాడు తగ్గాడు.

"అందరూ వేశారా? మార్చుకునేవాళ్లున్నారా?" స్పీకర్ హార్లన్‌ను చూశాడు. హార్లన్ పలకను చూశాడు. దగ్గుదొరే దగ్గలేదంటే సభ మనసు నిజంగానే ఎరుపేమోనని స్పీకర్ అనుకున్నాడు. మిగతావాళ్లూ సరిగ్గా అదే అనుకున్నారు. తొంభై ముగ్గురూ తక్కిన తొంభై ఇద్దరినీ చూసి, వీళ్లందరికీ ఇంత పట్టుదల ఉందని తెలియదే అని ఆశ్చర్యపోయారు. స్పీకర్ ఓటు మూసే తాళంచెవి తిప్పాడు. తొంభై మూడు, ఒకటి. బిల్లు చెల్లలేదు. పై గ్యాలరీలో తుపాకీదారుల సంఘం టోపీలు పెట్టుకున్నవాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

కాఫీ గదిలోకి వెళ్లాక గానీ ఎవరికీ విషయం అర్థం కాలేదు.

"దొరా, ఏమైంది నీకు?"

"కారమెల్," అన్నాడు హార్లన్ గొంతు పట్టుకుని. "అడ్డం పడింది."

అందరూ నవ్వారు. ఆ నవ్వు పావుగంటే. అప్పటికే వార్త బయటికి పోయింది. తుపాకీదారుల సంఘం నుంచి తొంభై మూడు ఉత్తరాలు వచ్చాయి, "ఏకగ్రీవంగా నిలబడ్డ వీరులకు" అంటూ. ఫోన్లు మోగాయి. మధ్యాహ్నం మూడింటికి కేకు వచ్చింది, దానిమీద మీగడతో 93 అని రాసి ఉంది. పొద్దున సరదాకి నొక్కినవాళ్లు కేకు కోసే వేళకు సగంమంది సిద్ధాంతానికి నొక్కినవాళ్లయ్యారు. ముక్క తిన్నాక మిగతా సగం కూడా.

స్పీకర్ హార్లన్‌ను కిటికీ దగ్గరికి లాగాడు. "నిబంధన ఉందిరా. నెగ్గిన పక్షం వాడెవడైనా లేచి మళ్లీ ఓటు పెట్టమనొచ్చు. రేపు సభ ముగిసేదాకా గడువు. ఎందుకు మనసు మారిందో సభలో చెప్పాలి, అంతే. తొంభై ముగ్గురు నెగ్గారు. ఒక్కడు చాలు."

హార్లన్ రోజర్ వైపు చూశాడు. రోజర్ కేకు వైపు చూశాడు.

"మా ఊరినుంచి పద్నాలుగు ఫోన్లు దొరా. పదిహేనోది మా నాన్న. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నన్ను మెచ్చుకున్నాడు. ఎనభై మూడేళ్ల మనిషికి, నేను వేళాకోళానికి నొక్కాను నాన్నా అని ఎట్లా చెప్పేది?"

మార్లిస్ కింద క్యాంటీన్‌లో ఒక్కతే కూర్చుని ఉంది. ముందు బంగాళదుంపల సూపు మీద తరక కట్టింది. హార్లన్ టోపీ చేతిలో పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు.

"మార్లిస్ గారూ, మీకు తెలియదేమో. కొత్తవాళ్ల మొదటి బిల్లుకి ఇక్కడ ఒక ఆచారం..."

"తెలుసండీ. గుమాస్తా డోరీన్ నిన్ననే చెప్పింది, పలక ఎర్రబడితే బెదరకు, హార్లన్ గారు దగ్గుతారు అని." ఆమె చెంచాతో తరక పక్కకు తీసింది. "ఎరుపు చూసి నవ్వుకున్నాను కూడా. చాన్నాళ్లయింది నవ్వి. మీ వంకే చూస్తూ కూర్చున్నాను. మీరూ నన్ను చూశారు."

హార్లన్ చేతిలోని టోపీని చూసుకున్నాడు.

"గొంతుకేమైంది?"

"కారమెల్ అండీ."

"సరే," అంది మార్లిస్. ఆ సరేలో ఏదీ సరిగ్గా లేదు.

మర్నాడు పొద్దున్నే హార్లన్ ఇంటికి ఫోన్ చేశాడు. జరిగింది చెప్పాడు. చేయబోయేదీ చెప్పాడు. అవతల పొయ్యిమీద ఏదో పొంగిన చప్పుడు వినబడింది.

"చెప్పెయ్," అంది బెర్నిస్. "ఇరవై రెండేళ్లుగా ఆరిజోనా గురించి మాట్లాడీ మాట్లాడీ విసుగొచ్చింది. నేనక్కడ అడుగైనా పెట్టలేదు. మొన్న చర్చిలో ఒకావిడ మంచి హోటల్ చెప్పమని అడిగింది. చెప్పాను కూడా."

సభ మొదలవగానే హార్లన్ లేచాడు. అలవాటుగా కొందరు ముందే నవ్వారు. ఆయన రొట్టెల సంగతి, వంతెన సంగతి, తొంభై చెవుల సంగతి వరసగా చెప్పాడు. ఇంకా నవ్వారు. గ్యాలరీలో టోపీలవాళ్లు మాత్రం నవ్వలేదు. తాము చప్పట్లు కొట్టింది వేళాకోళానికని వాళ్లకు అప్పుడే తెలిసింది.

"గొంతులో కారమెల్ అన్నాను. అబద్ధం, అధ్యక్షా. నా గొంతులో అడ్డంపడింది నాలుగో భాగం."

నవ్వులు ఆగాయి. ఆయన లోయిస్ పేరు చెప్పాడు. గిడ్డంగి మెట్లు, పదకొండు రోజులు, రెండు బస్తాల నారింజలు చెప్పాడు. "నేను ఇంటికొచ్చేటప్పుడు కూడా బెల్టు తిరిగిచ్చారు. కోటు జేబులోని కార్డు సంగతి ఎవరూ అడగలేదు. నాకేమీ కాలేదు. అది నా గొప్ప కాదు, బెర్నిస్ నిద్ర మానుకుని కాపలా కాసింది. నిన్న దగ్గు రావాల్సిన చోట నాకు సిగ్గొచ్చింది. ఆ సిగ్గు ఖరీదు మార్లిస్ గారు కట్టారు. మళ్లీ ఓటు పెట్టమని అడుగుతున్నాను."

పలక మళ్లీ వెలిగింది. ఈసారి ఎవరూ ఎవరికోసమూ ఆగలేదు. ముందు నర్సు పేరు పచ్చబడింది, తర్వాత స్పీకర్‌ది, తర్వాత ఊహించని చోట్ల అక్కడొకటి, ఇక్కడొకటి. రోజర్ వేలు రెండు మీటల మధ్య ఊగి, కళ్లు మూసుకుని, ఎరుపు మీద వాలింది. పచ్చ నలభై ఆరు, ఎరుపు నలభై ఎనిమిది.

బిల్లు మళ్లీ పోయింది. ఇంకో నిబంధన ఏదీ మిగల్లేదు. సభ మళ్లీ మామూలుగా కూడేది రెండేళ్ల తర్వాతే.

బయటికి వెళుతూ మార్లిస్ హార్లన్ బల్ల దగ్గర ఆగింది. "నిన్న ఒకటి, ఇవాళ నలభై ఆరు. పంటైతే పండగ చేసుకునేదాన్ని," అంది. కాసేపటికి కోటు గుండీ పెట్టుకుంటూ, "మీ అమ్మాయి పేరు బాగుంది," అంది.

శనివారం ఊళ్లో కాఫీ కొట్టు బల్ల చుట్టూ ఎప్పటివాళ్లే ఉన్నారు. అంతా టీవీలో చూశారని హార్లన్‌కు తెలుసు. ఆయన కూర్చోకుండా తన అనుమతి కార్డు తీసి వేడ్ కప్పు పక్కన పెట్టాడు.

"తుపాకీ నా బండిలో పెట్టెలో ఉంది. తాళం వేశాను. ఏడాదిపాటు నీ దగ్గరుంచు."

వేడ్ కార్డు తిప్పి చూశాడు. "బిల్లు పోయింది కదరా. తీసుకోవడానికి నా దగ్గర ఫారం కూడా లేదు."

"ఫారం లేకపోతే ఊరికే తీసుకో." హార్లన్ కూర్చున్నాడు. "వేడ్, ఆ ఆరిజోనా సంగతి నీకు ముందే చెప్పాల్సింది."

బల్ల దగ్గర అందరూ కప్పుల్లోకి చూసుకున్నారు. వేడ్ కార్డును చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"తెలుసురా. అందరికీ తెలుసు. ఊరికి ఉన్నది ఒక్క కొట్టు. ఆ వారమంతా దాంట్లో ఒక్క నారింజ లేదు. మీ ఇంట్లోంచి రెండు బస్తాలు బయటికొచ్చాయి. ఆ మాత్రం పోల్చుకోలేమా?"

హార్లన్ తన కప్పు పక్కకు జరిపాడు. "మరి ఇరవై రెండేళ్లు ఒక్కరూ అడగలేదేం?"

"నువ్వు దగ్గుతావని చూశాం," అన్నాడు వేడ్.

కొట్టావిడ వచ్చి ఎవరూ అడగకుండానే హార్లన్ కప్పు నింపింది. ఆ తర్వాత మాట నారింజల మీదికే మళ్లింది. అవి వట్టి పులుపని బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా ఒప్పుకున్నారు, ఆ వారం రాష్ట్రంలో నిజంగా ఏకగ్రీవమైన తీర్మానం అదొక్కటే.