అమ్మకానికి కాని కేకులు

కేకులకు వెల కట్టే విషయంలో అత్తాకోడళ్ల మధ్య శుక్రవారం సాయంత్రం మొదలైన వాదన, శనివారం పొద్దున ఓవెన్ వేడెక్కినా చల్లారలేదు.

"వాకిట్లోకి వచ్చినవాళ్లకి తినడానికి పెట్టి డబ్బులడుగుతారా? వినడానికే బాలేదు," అంది లక్ష్మీకాంతం.

"ఇది ఫండ్‌రైజర్ అత్తయ్యా. ఇక్కడ అందరూ చేసేదే. అడాప్షన్ ఏజెన్సీకి ఫీజు కట్టాలి కదా," అంది రాగిణి, పిండిలో యాలకుల పొడి కలుపుతూ.

దత్తత మాట వస్తే చాలు, ఆవిడ వేరే పనిలో పడిపోతుంది. అమెరికాలో కొడుకు దగ్గరికి, ఈ బెంటన్‌విల్ ఊరికి వచ్చినప్పటి నుంచీ అంతే. పాప ఫొటో చూపిస్తే కళ్లజోడు కనబడటం లేదంటుంది. తల్లి మనసు కష్టపెట్టి పాపను తెచ్చుకోవడం దివాకర్‌కు ఇష్టం లేదు. దత్తత కాగితాల మీద చివరి సంతకం అందుకే ఆగిపోయింది.

ఓవెన్ అద్దం వెనక కేకులు మెల్లగా పొంగుతుంటే రాగిణికి లోకమే దూరమైపోయింది. గట్టు మీద రెండు చిన్న పాదాలు ఊగుతున్నట్టు, మడమలకు మైదా అంటినట్టు అనిపించింది. ఆ పాదాలను చేత్తో దులపబోయి, ఉత్త గట్టును తుడిచింది.

గ్యారేజీ ముందు బల్ల సర్దాక, స్నేహితురాలు విద్య చేసిన కేకులు తేవడానికి బయల్దేరింది. "ధరలు అంటించే ఉన్నాయి, కాస్త చూస్తుండండి," అని అత్తగారికి అప్పగించింది. దారిలో పార్కు పక్కన కారు ఆపి, మంచుతెరలో ఊగుతున్న ఖాళీ ఉయ్యాలను చూస్తూ చాలాసేపు ఉండిపోయింది.

తిరిగొచ్చేసరికి వీధి పొడుగునా కార్లు. ఎదురింటి కరోల్ నోటు చాపితే లక్ష్మీకాంతం ఆమె గుప్పిట మూసేసి ఇంకో ముక్క చేతిలో పెట్టిందట. ఇదేదో భారతీయుల పండగ అనుకుని కరోల్ వీధి వీధంతటికీ మెసేజ్ పెట్టింది. కేకులు అయిపోయాయి. ఆఫీసు కాల్ ముగించి బయటికొచ్చిన దివాకర్‌ను తల్లి ఉప్మా చేయమని మళ్లీ లోపలికి తరిమింది. అతను పెద్ద గిన్నెలో ఉప్మా కలుపుతున్నాడు. రాగిణి తెచ్చిన కేకులు కూడా ఆమె కళ్ల ముందే పంపకమైపోయాయి. ఇక ఫీజూ లేదు, పాపా లేదనుకుని ఆమె మెట్టు మీద కూలబడింది.

దివాకర్ ఆఫీసులో కొత్తగా చేరిన ఈషాన్ ఉప్మా ప్లేటుతో వచ్చి, "ఇంతకీ ఏం ఫంక్షన్ ఆంటీ?" అని అడిగాడు.

లక్ష్మీకాంతం తడబడింది. పుట్టినరోజు కాదు, వ్రతమూ కాదు. ఊరికే ఊరంతటికీ ఎవరు పెడతారు? ఆవిడ కోడలి వైపు చూసి, కొంగు సర్దుకుంది.

"మా మనవరాలు వస్తోంది," అంది.

ఈషాన్ జేబులు తడుముకుని, కవర్ లేక నోట్లను పేపర్ నాప్కిన్‌లో మడిచి, "పాపకి ఆంటీ," అని ఆవిడ చేతిలో పెట్టాడు. కేకుకైతే వద్దనగలదు, మనవరాలికి ఇస్తే ఎలా వద్దంటుంది? వెనకే అందరూ వరస కట్టారు. కరోల్ కూడా శ్రద్ధగా నాప్కిన్ మడిచింది. లక్ష్మీకాంతం ఒడి నిండిపోయింది. అమ్మితే ఇందులో సగం కూడా వచ్చేది కాదని దివాకర్ నెమ్మదిగా అన్నాడు. రాగిణికి మాత్రం ఆ ఒడిలో నాప్కిన్లు కాక ఇంకెవరో కూర్చున్నట్టే కనిపించింది.

సాయంత్రం ముగ్గురూ మిగిలిన ఉప్మా తింటుండగా లక్ష్మీకాంతం గొంతు సవరించుకుంది.

"సోమవారం ఆ సంతకమేదో పెట్టేయండి. మెట్ల పక్క గది పాపకి," అంది, ఎవరి వైపూ చూడకుండా.

ఆ గదిలో కూర్చుని ఉద్యోగం చేసుకునే దివాకర్‌ను ఎవరూ ఏమీ అడగలేదు.