గ్రంథాలయం అక్కయ్య అప్పీలు

విశ్వవిద్యాలయం అన్నాక అది ప్రభుత్వానిదైనా అయి ఉండాలి, ప్రైవేటుదైనా అయి ఉండాలి. దేవుడి పేరు మీద నడిచే విశ్వవిద్యాలయానికి మాత్రం అంత తొందరేమీ లేదు. అడిగినవాళ్ల మొహం చూసి తేల్చుకునే వెసులుబాటు దానికి చట్టమే ఇచ్చింది. (ఏ చట్టం అంటారా, అది సంస్థ అంతర్గత వ్యవహారం.)

ఈ సంగతి తెలియక గ్రంథాలయం అక్కయ్య చిక్కుల్లో పడింది. విద్యార్థులకు పుస్తకాలిచ్చి, తిరిగి తీసుకునే ఉద్యోగం ఆవిడది. మోకాలు పట్టేసి, ఓ పొద్దున సామూహిక ప్రార్థనలో అందరూ నిలబడితే తను కూర్చుండిపోయింది. సాయంత్రానికల్లా ఉద్యోగం ఊడింది. ఇంట్లో మంచం పట్టిన మొగుడు, ఇంకా చదువుకుంటున్న కూతురు. ఆవిడ జీతం తప్ప ఆ ఇంటికి వేరే దిక్కు లేదు. కాళ్లీడ్చుకుంటూ రిజిస్ట్రారు గదికి వెళ్లింది.

"ఎందుకు తీసేశారో కాగితం మీద రాసివ్వండి సార్."

"మాది ప్రైవేటు సంస్థమ్మా. కారణాలు చెప్పే అలవాటు మాకు లేదు."

"మరి నన్ను తీసుకునేటప్పుడు ప్రభుత్వ పరీక్ష పెట్టారు కదండీ?"

"తీసుకోవడం ప్రభుత్వ పద్ధతి. తీసెయ్యడం మా పద్ధతి" అన్నాడాయన ఎంతో ఆప్యాయంగా. కొత్త భవనానికి సర్కారు నిధులు కోరే దరఖాస్తు మీద సంతకం చేస్తూనే అన్నాడు.

అక్కయ్య ఊరుకోలేదు, పైకి ఫిర్యాదు చేసింది. సంస్థల స్వభావ నిర్ణయాధికారి రంగు సుద్దలతో దిగాడు. సర్కారు సొమ్ముతో కొన్నదానికి తెల్ల గీత, ధర్మకర్తలు కొన్నదానికి పసుపు గీత. బీరువా తెలుపు, అందులో పుస్తకాలు పసుపు. ఫ్యాను తెలుపు. (గాలి విషయం ఉపసంఘానికి వదిలేశారు.) అక్కయ్య కూర్చునే కుర్చీకి తెల్ల గీత పడింది. ఆ తర్వాత ఆయన సుద్ద పట్టుకుని అక్కయ్య చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"మీకు జీతం ఎవరిచ్చేవారు?"

"ప్రభుత్వమండి."

"చీవాట్లు?"

"ధర్మకర్తలండి."

"మిశ్రమం" అని రాసుకుని వెళ్లిపోయాడు.

తీర్పు రానే వచ్చింది. కుర్చీ ప్రభుత్వానిది గనుక దాన్ని తొలగించాలంటే ముందుగా నోటీసివ్వాలి, తగిన కారణం చూపాలి. అందులో కూర్చునే మనిషిని ప్రార్థన విషయంలో తొలగించారు గనుక అది ఆమెకూ దేవుడికీ మధ్య సొంత వ్యవహారం, అందులో ప్రభుత్వం వేలు పెట్టదు. అప్పీలు చేసుకోదలిస్తే నేరుగా ఆయనకే చేసుకోవచ్చు.

అక్కయ్యకు ఒళ్లు మండిపోయింది. ఆయన్నే అడిగి తేల్చుకుందామని, కుంటుకుంటూ విశ్వవిద్యాలయం ప్రార్థనా మందిరానికి బయల్దేరింది. గుమ్మం దగ్గర కాపలాదారు లేచి నిలబడ్డాడు. మంచివాడే, అక్కయ్యంటే గౌరవం కూడాను.

"లోపల దేవుడితో పనుంది బాబూ."

"కార్డు చూపించండి అక్కయ్యా."

"ఉద్యోగంతో పాటు కార్డూ లాగేసుకున్నారుగా!"

"అయితే మీరు బయటివాళ్ల కిందికొస్తారు" అన్నాడతను బాధగా. "బయటివాళ్లు దేవుణ్ణి కలవాలంటే రిజిస్ట్రారుగారి అనుమతి ఉండాలి."