మల్లీశ్వరి షెడ్డులో జపాను కరెంటు

"కరువును కూకటివేళ్లతో పెకలించే చరిత్రాత్మక యాత్రకు తొలి అడుగు నేడు మన ఎగువపల్లెలోనే" అని ఆటోకు కట్టిన మైకు నల్లమాడ దాకా చాటింది.

మల్లీశ్వరి ఉబ్బిపోయింది. ఆమె రెండెకరాల టమాటా ఎండుముఖం పట్టింది. బోరులో నీళ్లున్నాయి. లో వోల్టేజికి మోటారు గుయ్‌మంటుందే తప్ప తిరగదు. పది అర్జీలు పెడితే మంజూరైన కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఆ రోజే రావాలి. దానికి తోడు సాక్షాత్తూ మంత్రిగారే వస్తున్నారు. ప్రభుత్వమంటే ఇట్లా ఉండాలి అనుకుంది.

కరువు నివారణ శాఖ మంత్రి సుబ్బన్న గారు తొమ్మిది కార్లతో వచ్చి నేరుగా ఆమె మోటారు షెడ్డులోకి నడిచారు. వెనకాలే పీఏ నరేంద్ర సూట్‌కేసు మోసుకొచ్చాడు.

"ఇదేనా ఆ చోటు?"

"ఇదే సార్. జపానులో వంద వోల్టులే. జిల్లా అంతా మీటరు పెట్టి చూసినాము. సరిగ్గా వంద వచ్చేది ఈడ ఒక్కచోటే."

కరువు నివారణ నేర్చుకోవడానికి మంత్రిగారు పది రోజులు జపాను వెళ్తున్నారు. పరాయి దేశంలో ప్లగ్గు పెట్టి ఆయనకేమన్నా అయితే రాష్ట్రం గతేమిటి? అందుకే ముందుగా ఈ రిహార్సల్. ఇంత ముందుచూపున్న నాయకుణ్ణి మల్లీశ్వరి ఎన్నడూ చూడలేదు.

సూట్‌కేసులోంచి ఫోను, కరెంటు కుక్కరు తీసి ముందు ఫోను పెట్టారు. చార్జింగ్ ఎక్కింది. లైన్‌మన్ ఎర్రిస్వామి చార్జరు తిప్పి చూశాడు.

"వందనుంచి రెండొందల నలభైదాకా అని రాసిండాది సార్. పిన్ను మార్చుకుంటే యాడైనా పంజేస్తాది. ఈ కుక్కరు మీద మాత్రం రెండొందల ముప్పై అనే ఉండాది. దీన్ని ఇంట్లోనే పెట్టిపోండి."

"సంగటి లేకుండా పది దినాలు ఎట్లుండేదప్పా?" అని మంత్రిగారు కుక్కరు పెట్టించారు. గంట గడిచినా ఎసరు గోరువెచ్చనే.

"ఉడకదు సార్," అంది మల్లీశ్వరి. "మోటారూ తిరగదు. మూడేండ్లుగా ఇంతే."

మంత్రిగారి ముఖం వెలిగిపోయింది. "చూసినావా నరేంద్రా? మూడేండ్లుగా జపాను కరెంటు వాడతాండాది ఈయమ్మ." వెంటనే ఆమెకు శాలువా కప్పారు.

అప్పుడే ట్రాన్స్‌ఫార్మర్ లారీ వచ్చి ఆగింది. అదెందుకో తెలుసుకుని మంత్రిగారు కంగారుపడ్డారు.

"ఇది బిగిస్తే వోల్టేజి పెరగదా? రేపు ఫారిన్ పోయే ఆఫీసర్లు యాడ నేర్చుకుంటారు? వెనక్కి తిప్పండి."

"సార్, నా టమాటా..."

"దానికోసమే గదమ్మా నేను జపాను పోతాండేది."

లారీ వెనక్కి తిరిగింది. మల్లీశ్వరికి ఏడుపు ఆగలేదు. శాలువా కొత్తది, కన్నీళ్లు సరిగా ఇంకలేదు.

మంత్రిగారు విమానమెక్కేలోగానే షెడ్డుకు 'విదేశీ విద్యుత్ శిక్షణ కేంద్రం' అని బోర్డు పడింది. అధికారులు చార్జర్లతో వరుసకట్టారు. శిక్షణ జరిగేటప్పుడు మోటారు జోలికి రావద్దని ఆమెకు చెప్పారు. గోడకు భద్రతా సూచనలు అంటించారు.

సాయంత్రం ఎర్రిస్వామి తప్ప అందరూ వెళ్లాక మల్లీశ్వరి వాటిని కూడబలుక్కుని చదివింది. "పరికరంపై రాసిన వోల్టేజి చూసుకోండి. సరిపోకపోతే ఆ దేశంలో దాన్ని వాడకండి."

ఆమె స్టార్టరు డబ్బా మీద దుమ్మును శాలువాతో తుడిచి అంకెలు చూసింది. వంద ఎక్కడా లేదు. గోడవైపు తిరిగి ఇంకోసారి చదువుకుంది.

"ఎర్రిస్వామన్నా," అంది, "నా మోటారు వైర్లు ఊడదీయి."