అందరికీ తొంభై

ఆ గురువారం ఓవిదియో పెట్టుకున్న పని ఒక్కటే. పదింటికి పెద్దాయన దోన్ హిలారియో వచ్చి పాడతాడు, తను రికార్డు చేస్తాడు, ఒంటిగంటకల్లా ఇంటికెళ్ళి భోంచేస్తాడు. రొసారియో ఊళ్ళోని ఆ సహకార రేడియోలో కంప్యూటర్లు చూసేది అతనే. హిలారియో గిటారు పట్టుకుని అప్పటికప్పుడు పాట కట్టి పాడే ఆశుకవి, డెబ్భై నాలుగేళ్ళవాడు. ఒకసారి పాడింది మళ్ళీ పాడమంటే ఆయనకే రాదు. గొంతులో పుండు ముదిరింది. మర్నాడు ఉదయం డాక్టర్లు స్వరపేటిక తీసేస్తారు. ఆ గొంతు ఎలాగైనా దాచిపెట్టమని కూతురు ఎల్విరా ఓవిదియో చేతులు పట్టుకుని అడిగింది.

తొమ్మిదింటికి పరీక్షించి చూస్తే హెడ్‌ఫోన్లలో చిటచిటలు. పైగా నోటి మాట చెవికి చేరేసరికి ఆలస్యం. జబ్బేమిటో ఓవిదియోకు తెలుసు. ఆ కంప్యూటరుకు ప్రాసెసర్లు ఎనిమిదున్నా సౌండు కార్డు, డిస్కు, నెట్ కార్డు మూడూ పని పడ్డప్పుడల్లా మొదటిదాని తలుపే తడుతున్నాయి. ఎనిమిది మంది గుమాస్తాలున్న ఆఫీసులో జనమంతా ఒకే బల్ల ముందు మూగినట్టన్నమాట. ఎవరి పిలుపు ముందు వినాలో చెప్పడానికి ఒక్కోదానికి ఒక నంబరుంటుంది. ఎవరి నంబరు పెద్దదైతే వాళ్ళ పని ముందు. సౌండుకు తొంభై ఐదిచ్చి, మిగతా రెంటికీ తక్కువిచ్చి పక్క ప్రాసెసర్లకు తరిమితే సరిపోతుంది. పది నిమిషాల పని.

కానీ ఆ రేడియోకు యజమాని లేడు. పాతాయన తాళాలేసి పారిపోతే పనివాళ్ళే తలుపులు బద్దలుకొట్టి నడుపుకుంటున్నారు. బల్బు మార్చాలన్నా సభ కూడి చేతులెత్తాలి. ఓవిదియో నోరు జారి, సౌండు మిగతావాటి కంటే పైన ఉండాలన్నాడు. వెంటనే సభ కూడింది.

"పైనేమిటి, కిందేమిటి?" అంది నెట్ ప్రసారం చూసే నెలిదా. "రెండొందల మంది ఆయన పాట కోసం కాచుక్కూచున్నారు. వాళ్ళు కిందివాళ్ళా?"

"పాట దాచేది నా డిస్కేగా," అన్నాడు పాత రికార్డులు భద్రపరిచే తియోఫిలో. "దాన్నెందుకు వెనక్కి నెడతావ్?"

"మిషనుకు రాజకీయాలు తెలీవు తియోఫిలో," అన్నాడు ఓవిదియో.

"తెలీవు కాబట్టే మనం నేర్పాలి."

మాతే ఆకుల కషాయం పోసిన సొరకాయ బుర్ర ముగ్గురి చేతుల్లో నాలుగు చుట్లు తిరిగింది. మూడింటికీ సమానంగా తొంభై ఇవ్వాలనీ, ఎవర్నీ ఎక్కడికీ తరమకూడదనీ తీర్మానం నెగ్గింది. వ్యతిరేకంగా లేచింది ఓవిదియో చెయ్యొక్కటే.

పదింటికి హిలారియో కూతురి భుజం పట్టుకుని వచ్చాడు. అరగంటకు మించి గొంతు వాడొద్దన్నారు డాక్టర్లు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని రెండు పంక్తులు పాడాడో లేదో, తన గొంతే తన వెనక తడబడుతూ వచ్చింది. తాళం తప్పింది. దగ్గు తెర ముంచుకొచ్చింది. దగ్గు ఆగాక తిట్లు మొదలయ్యాయి.

"ఏరా ఓవిదియో, నా వెనకాల ఇంకో ముసలాణ్ణి నిలబెట్టావా? రేపు పొయ్యే గొంతుకి ఇవాళే పాడె కడుతున్నారు గదరా. నెలిదా, ఆ బుర్ర అవతల పెట్టు, చప్పరింపు వినలేక చస్తున్నా. తియోఫిలో, నువ్వు పాటలు దాస్తావా, పాతిపెడతావా? ఎల్విరా, ఆ కోటు గుండీలు పెట్టుకోవే. జలుబు చేస్తే నిన్ను చూసేదెవరు, నేనా?"

అలా అయిదు నిమిషాలు గడిచాయి. అందరూ ఆయనకు వేడినీళ్ళు తేవడానికి వంటగదిలోకి పరిగెత్తారు. ఓవిదియోకు అరగంటలో మిగిలిందెంతో కనబడుతోంది. తీర్మానాన్ని గంగలో కలిపాడు. సౌండుకు తొంభై తొమ్మిది, డిస్కుకూ నెట్‌కూ ఒకటి. కంగారులో వాటిని పక్క ప్రాసెసర్లకు తరమడం మాత్రం మరిచిపోయాడు.

హిలారియో మళ్ళీ మొదలుపెట్టాడు. ఒక్క చిటపట లేదు, వెంట్రుకవాసి ఆలస్యం లేదు. తన గొంతుకు తనే వీడ్కోలు చెప్పుకున్నాడు. దాని చేత చెప్పించిన అబద్ధాలకు క్షమాపణ అడిగాడు, పోయిన పెళ్ళాన్ని దానితోనే చివరిసారి పేరు పెట్టి పిలిచాడు. నెలిదా గోడవైపు తిరిగి నిలబడింది. ఓవిదియోకు ఈ పాట వినేదాకా తను బతికున్నందుకు సంతోషమేసింది.

పాట అయ్యాక తియోఫిలో తెర ముందు వంగి, రికార్డయింది తెరిచి చూశాడు.

"ఫైలు ఖాళీగా ఉంది," అన్నాడు.

సెకనుకు వెయ్యిసార్లు తలుపు తట్టే సౌండు కార్డు ముందు డిస్కుకు ఒక్కసారీ వంతు రాలేదు. నెట్‌కూ అంతే. రెండొందల మందీ పది నిమిషాలు నిశ్శబ్దం విన్నారు. ఓవిదియో చేసింది ఒప్పుకున్నాడు. హిలారియో ఇంకోసారి నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. గిటారు పెట్టెలో పెట్టుకుని కూతురికి ఇంటికి పోదామని సైగ చేశాడు.

మిగిలింది మొదటి ప్రయత్నమే. అందరికీ తొంభై ఉన్నప్పుడు డిస్కు తన పని నిక్కచ్చిగా చేసింది. చిటచిటలు, దగ్గు, తిట్లు, ఒక్కటీ పోలేదు. పదిహేను రోజుల తర్వాత ఓవిదియో దాన్ని పట్టుకుని వాళ్ళింటికెళ్ళాడు. మెడలో గొట్టంతో, ఒళ్ళో పలకతో హిలారియో కిటికీ దగ్గర కూచునున్నాడు.

"ఇంతే మిగిలిందమ్మా," అన్నాడు ఓవిదియో. "నా మొహం చూడకపోయినా ఏమనుకోను."

ఎల్విరా మొత్తం వింది. కోటు గుండీల దగ్గర ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ వింది. చేతి వెనకభాగంతో కళ్ళు తుడుచుకుంది.

"పాటలు ఊరందరికీ పాడాడు," అంది. "ఈ తిట్లు మా ఇంట్లోవి. ఇవే కావాలి నాకు. దేనికి బదులైనా ఇవ్వను."

ఓవిదియో ఏడ్చాడు. హిలారియో చెయ్యెత్తి ఇంకోసారి పెట్టమని సైగ చేసి, కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు. తర్వాత పలక అందుకుని, తియోఫిలోను తిట్టిన చోట తాళం కాస్త తప్పిందనీ అది తీసెయ్యమనీ రాశాడు.