ఎన్నికలకు వచ్చే స్తంభాలు

ఎన్నికలు నాలుగేళ్ళకోసారి చాలని తేల్చినవాడెవడో గాని, వాడికి పల్లెటూళ్ళంటే గిట్టదు. నన్నడిగితే ఎన్నికలు నెలకోసారి రావాలి. అంత కుదరదంటే వానలకు ముందొకటి, వానల తర్వాత ఒకటి!

నవ్వకండి. ఈ ఏడాది ప్రపంచంలో అరవైకి పైగా దేశాలు ఓటేస్తున్నాయని రేడియో జనవరి నుంచీ చెబుతోంది. భార్య పోయిన ఇంట్లో మాట్లాడేది రేడియో ఒక్కటే కదా, అందుకని నేను ఒక్క దేశాన్నీ వదల్లేదు. సెనెగల్ అయింది, దక్షిణాఫ్రికా అయింది, బోట్స్వానా అయింది. ఇండియాలోనైతే ఏడు విడతలు, ఆరు వారాలట! ఆరు వారాలపాటు పెద్దమనుషులు జనానికి దణ్ణాలు పెడుతూనే ఉన్నారన్నమాట. అదృష్టవంతులు. మా ఘనాలో అంతా ఒక్క శనివారంలో తేలిపోతుంది. డిసెంబరు ఏడున పొద్దున్న ఏడింటికి మొదలు. సాయంత్రం ఐదింటికి ప్రేమ ఆఖరు.

ఎన్నికల వల్ల ఏం ఒరుగుతుందని అడిగే చదువుకున్నవాళ్ళున్నారు. నేనూ కాలేజీ దాకా వెళ్ళినవాణ్ణే. ముప్పై మూడేళ్ళు బడిలో లెక్కలు చెప్పాను. మీరే చెప్పండి, మామూలు రోజుల్లో మీ దగ్గు ఎలా ఉందని ఎవరైనా అడిగారా? అక్టోబరులో మా అభ్యర్థి నా దగ్గు గురించి రెండుసార్లు అడిగాడు! మా వీధిలో ఒకాయన అంత్యక్రియలకు వచ్చి, పోయినవాడి పేరు తప్పు పలికాడు గాని, కన్నీళ్ళు మాత్రం సరిగ్గానే కార్చాడు. పోయినాయన తమ్ముడు నా చెవిలో అన్నాడు: "మా అన్న భలే టైము చూసుకున్నాడు మాస్టారూ. కిందటేడు పోయుంటే ఇన్ని కుర్చీలు ఎక్కణ్ణించి వచ్చేవి?"

ఇవన్నీ చిల్లర వరాలు. అసలు వరం స్తంభాలు.

అక్టోబరు చివర్లో ఒక లారీ పది కరెంటు స్తంభాలు తెచ్చి మా ఊరి ఆసుపత్రి ముందు, రోడ్డు పక్కన దింపింది. నల్లటి కర్ర స్తంభాలు, తారు వాసన. ఆసుపత్రి అంటే రెండు గదులు, ఒక నర్సు. సిస్టర్ ఎసినమ్. ఆరూళ్ళ కాన్పులూ ఆమె చేతిమీదే జరుగుతాయి. కరెంటు మాత్రం ఆ ఆసుపత్రి మొహం ఎన్నడూ చూడలేదు. అభ్యర్థి ఒక స్తంభం మీద కాలు మోపి ప్రకటించాడు: "ఎన్నికలలోపు ఇక్కడ లైటు వెలగకపోతే నన్ను పేరుపెట్టి పిలవకండి!"

ఆయన పేరు మాలో చాలామందికి తెలియదు గనక, ఆ షరతుకు అందరం ఒప్పుకున్నాం.

మర్నాటి నుంచి ఊరు ఊరంతా ఆ స్తంభాల మీదే. ఆఫీ అనే ఆవిడ పెండలం దుంప ముక్కలు వేయించి అమ్మేది అక్కడే, వడ్రంగి కోమ్లా అబద్ధాలు చెప్పేది అక్కడే. మూడేళ్ళుగా నేను గోడను చూస్తూ కెంకే అనే మొక్కజొన్న ముద్ద తిన్నవాణ్ణి. ఇప్పుడు పక్కవాళ్ళ మిరపకాయ పచ్చడి కూడా నా ఆకులోకి వస్తోంది. ప్రజాస్వామ్యం అంటే ఇంకేమిటండీ?

ఒకరోజు అలా కూర్చున్నప్పుడు చేతికింద ఏదో గరుగ్గా తగిలింది. వంగి చూశాను. కత్తితో చెక్కిన చేప. తోక వంకర.

అది నా భార్య సెఫాకో చెక్కిన చేప.

నాలుగేళ్ళ కిందటి ఎన్నికలకూ స్తంభాలు వచ్చాయి లెండి. సెఫాకో పొగబెట్టిన చేపలు అమ్మేది. చోటు కోసం ఆఫీతో రోజూ తగువే. ఒకరోజు కత్తి తీసుకుని కూర్చునే చోట చేప చెక్కేసి, "ఇదే నా సీటు. నీకు చదువు రాదని బొమ్మ వేశాను, చూసుకో" అంది. ఆఫీ ఊరుకుంటుందా? "వేశావు సరే, అది చేపా, పడవా?" అంది. ఎన్నికలయ్యాక పది రోజులకు లారీ వచ్చి స్తంభాలన్నీ ఎత్తుకుపోయింది.

ఇప్పుడు అవే తిరిగొచ్చాయి! అప్పుడు తెచ్చింది ఒక పార్టీ, ఇప్పుడు తెచ్చింది ఇంకో పార్టీ. స్తంభాలు మాత్రం ఏ పార్టీకీ లొంగలేదు. ఇంత అనుభవం, ఇంత నిగ్రహం ఉన్న నాయకుడు మా జిల్లాలో ఇంకొకడున్నాడా?

ఆఫీ కూడా వచ్చి ఆ చేపను చూసింది. బుట్ట ఎత్తుకుని, "మీ ఆవిడ సీటు కోసం తిరిగొచ్చింది మాస్టారూ. నేను పక్కకు జరుగుతాలే" అంది.

అప్పుడే నాకు ప్రపంచం మీద బెంగ పట్టుకుంది. అన్ని దేశాలూ ఒకే ఏడాది ఎన్నికలు పెట్టుకుంటే స్తంభాలు ఎక్కడ సరిపోతాయి? పెద్దలు కూర్చుని వంతులు వేసుకోవద్దూ? మా తర్వాత ఓటేసే దేశమేదైనా మా పది స్తంభాల కోసం కాచుకుని కూర్చుంటే మా గతేమిటి?

డిసెంబరు వచ్చింది. గొయ్యి తవ్వినవాడు లేడు, తీగ తెచ్చినవాడు లేడు. మా ఊరి పెద్ద, అందరూ తొగ్బె అని పిలిచే తాతగారి దగ్గరికి వెళ్ళాను.

"ఒక్కటైనా మనమే నాటుదాం" అన్నాను.

"నాటితే పీక్కుపోతారయ్యా."

"పోయిన మన పెద్దలకు సారా ధార పోసి నాటితే?"

తొగ్బె, "లెక్కల మాస్టరు ఇంతకాలం ఈ తెలివి ఎక్కడ దాచావు?" అన్నాడు.

పోలింగుకు మూడు రోజుల ముందు కోమ్లా, మరో ఆరుగురూ ఆసుపత్రి గుమ్మం దగ్గర గొయ్యి తవ్వారు. చేప నా కళ్ళ ఎత్తున నిలిచేలా లోతు చూసుకోమన్నాను. తొగ్బె స్తంభం మొదట్లో సారా ధార పోశాడు. "పెద్దలారా, తాగండి. ఈ కర్ర ఇక మీది. దీన్ని లాగినవాడి సంగతి మీరే చూసుకోండి. వీలుంటే తీగ సంగతి కూడా చూడండి."

అభ్యర్థి గెలిచాడు. పై వారమే లారీ వచ్చింది.

తొమ్మిదీ ఎక్కించాక డ్రైవరు పదోదాన్ని చూశాడు. "అదీ మాదే."

"పీకు నాయనా, ఎవరం అడ్డురాం" అన్నాడు తొగ్బె. "ధార పోశాం. అడగాల్సింది పెద్దల్ని."

డ్రైవరు కూలీలవైపు తిరిగాడు. "నువ్వు పట్టరా."

"నాకింకా పెళ్ళి కాలేదన్నా!"

"పోనీ, నువ్వు?"

"నాకయింది. పిల్లలున్నారు."

డ్రైవరు టోపీ తీసి స్తంభానికి ఒక దణ్ణం పెట్టి, లారీ ఎక్కాడు.

"నిలబెట్టి చెడగొట్టారు. ఇప్పుడు కూర్చోడానికైనా పనికిరాదు" అంది ఆఫీ. సిస్టర్ ఎసినమ్ మాత్రం స్తంభాన్ని తడిమి, "తీగ లేకుండా ఒక్క కర్రతో ఏం చేసుకుంటాం మాస్టారూ?" అని మెల్లగా అడిగింది.

సెఫాకో పోయింది ఎన్నికలు లేని ఏడు, చీకటి పడే వేళ. సెలైన్ ఎక్కించడానికి ఈ అమ్మాయే ఫోను పళ్ళ మధ్య పట్టుకుని, ఆ వెలుగులో నరం వెతికింది. సూది మూడుసార్లు తప్పింది. నాలుగోసారి దొరికింది గాని, అప్పటికి ఆలస్యమైంది. ఆమె తప్పేమీ లేదు. దేవుడు మనిషికి రెండే చేతులిచ్చాడు.

కాబట్టి నాకు ఫిర్యాదులు లేవు. నాలుగేళ్ళలో ఆ తొమ్మిదీ తిరిగొస్తాయి. దారి తప్పకుండా గుమ్మం దగ్గర ఒకటి నిలబడే ఉంది. అంతవరకూ మా ఆరూళ్ళవాళ్ళకు నాదొక్కటే మనవి: జబ్బు పడేవాళ్ళూ, పిల్లల్ని కనేవాళ్ళూ దయచేసి పగటిపూట రండి.